తొమ్మిదో తరగతికి ప్రపంచ వ్యవహారాలు చెప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు వారానికొక పీరియడు ప్రపంచ వ్యవహారాలు చెప్పే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. చాలాకాలం సాంఘిక శాస్త్రం బోధించినవాడిగా నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ఐక్యరాజ్యసమితి అంగాలు ఎన్ని, దాని ప్రధాన కార్యాలయం ఎక్కడ అనే ప్రశ్నలతో మొదలుపెట్టవద్దు. అవి బిట్ పేపరుకు పనికొస్తాయి గాని, ఎక్కడో రెండు దేశాలు పోట్లాడుకుంటే మన ఊళ్లో సరుకుల ధర ఎందుకు పెరుగుతుందో చెప్పవు. ఒక్క సంఘటనను ఎంచుకుని నాలుగైదు వారాలపాటు దాన్నే పట్టుకో. నన్నడిగితే 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా మొదలుపెట్టిన దండయాత్రను తీసుకోమంటాను.

మొదటి రోజు ఖాళీ పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు ఒకటి, గోడకు తగిలించే ప్రపంచ పటం ఒకటి తీసుకువెళ్లు. యుద్ధానికి ముందు మన దేశం దిగుమతి చేసుకున్న పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది. ఒడెస్సా రేవులో బయలుదేరిన ఓడ నల్ల సముద్రం, బోస్ఫరస్ జలసంధి, మధ్యధరా సముద్రం, సూయజ్ కాలువ, ఎర్ర సముద్రం దాటి, శ్రీలంకను చుట్టి కాకినాడకు ఎలా చేరుతుందో పిల్లల చేతనే గీయించు. బోస్ఫరస్ దగ్గర కాసేపు ఆగు. 1936 నాటి మాంట్రో ఒప్పందం ప్రకారం ఆ దారిన పోయే యుద్ధనౌకలపై ఆంక్షలు పెట్టే అధికారం టర్కీది; 2022 జులైలో ఉక్రెయిన్ ధాన్యం ఓడలు కదలడానికి ఇస్తాంబుల్‌లో ఒప్పందం కుదిర్చింది ఐక్యరాజ్యసమితి, టర్కీ కలిసే; మరుసటి జులైలో రష్యా దాని నుంచి తప్పుకుంది. అంతకు ముందే, 2022 ఏప్రిల్ చివర, తన ప్రజలకు నూనె ధర పెరిగిపోతోందని ఇండోనేషియా కొన్ని వారాలపాటు పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ఇంతవరకు వస్తే పిల్లలు మిగతాది వాళ్లే అడుగుతారు.

బడిలో సోవియట్ యూనియన్ కాలం నాటి పటం ఉంటే దాన్ని పారేయవద్దు, కొత్తదాని పక్కనే తగిలించు. 1991లో ఒక దేశం పదిహేను దేశాలైందని రెండింటినీ చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

అసలు జాగ్రత్త పడవలసింది ఆ తరువాతే. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యా చర్యను ఖండించే తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటు వేయగా, మన దేశంతో కలిపి 35 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. "మనం ఎవరి వైపు, టీచర్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకుండా, ఆ రోజు ఢిల్లీ ముందున్న విషయాలను బోర్డు మీద రాయించు: ఉక్రెయిన్‌లో చిక్కుకున్న వేలాది మన వైద్య విద్యార్థులు, వారిలో ఎందరో తెలుగు పిల్లలు, రష్యా నుంచి దశాబ్దాలుగా కొంటున్న ఆయుధాలు, ఒక దేశం సరిహద్దును మరొకరు బలంతో మార్చకూడదన్న సూత్రం. సగం తరగతి ఆ నిర్ణయాన్ని సమర్థిస్తూ, మిగతా సగం వ్యతిరేకిస్తూ మాట్లాడాలి. మరుసటి వారం పక్షాలు మారాలి. నీ అభిప్రాయాన్ని చివరిదాకా నీలోనే ఉంచుకో. అయితే ఏ సైన్యం ఎవరి సరిహద్దు దాటిందన్నది అభిప్రాయం కాదు, జరిగిన విషయం. ఆ తేడాను మాత్రం ఎవరి మొహమాటానికీ వదులుకోవద్దు.

వాట్సాప్ వీడియోలు తెచ్చి చూపిస్తే కసరవద్దు. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ అని అడిగి, జవాబు దొరికేదాకా దాన్ని వార్తగా లెక్కపెట్టవద్దని చెప్పు.

రెండో సంఘటన ఎంపికను పిల్లలకే వదిలెయ్. మీది జగిత్యాల ప్రాంతం కనుక గల్ఫ్ దేశాల మాట తప్పకుండా వస్తుంది. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న పిల్లలను అందరి ముందు నిలబెట్టి అడగవద్దు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. పటం కొనడానికి బడిలో డబ్బు లేదంటే నాకు రాయి, పంపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య