ఏఐ వచ్చాక కాపీరైట్ చట్టం చదివితే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మేడమ్, నేను కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కోడింగ్ వచ్చు కానీ జీవితాంతం అదే చెయ్యాలని లేదు. కిందటేడాది ఫ్రెండ్స్‌తో కలిసి చేసిన ఒక వీడియోని కాపీరైట్ పేరుతో తీసేశారు. అప్పటినుంచి ఈ చట్టాల గురించి చదువుతూ అందులోనే పడిపోయాను. ఇంజినీరింగ్ అయ్యాక లా చేద్దామనుకుంటున్నా. మా నాన్న మాత్రం ‘ఏఐ వచ్చాక ఇంక కాపీరైట్ ఎక్కడిది, ఎవరు ఎవరిది వాడుకుంటున్నారో ఎవరికీ తెలీడం లేదు, ఆ చదువుకి ఉద్యోగం రాదు’ అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం నిజమేనమ్మా. ఎవరిది ఎవరు వాడుకుంటున్నారో పట్టుకోవడం ఇప్పుడు నిజంగానే కష్టం. కానీ దాన్నుంచి ఆయన తేల్చిన విషయం సరికాదు. హద్దులు తేలని పొలానికే కదా సర్వేయర్ కావాలి. నువ్వు ఈ దారిలో వెళ్లొచ్చనే నా అభిప్రాయం. ఒకటే షరతు, ఇంజినీరింగ్‌ని వదిలించుకోవడానికి వెళ్లకు, దాన్ని వెంటపెట్టుకుని వెళ్లు. ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

కాపీరైట్ పని అయిపోయిందనడం ఇదే మొదటిసారి కాదు. ఇళ్లలోకి వీడియో రికార్డర్లు వచ్చినప్పుడు సినిమా స్టూడియోలు సోనీ మీద వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1984లో 5-4 తేడాతో సోనీ గెలిచింది. టీవీలో వచ్చే కార్యక్రమాన్ని తీరిగ్గా తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకుంటే తప్పులేదన్నారు, ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే కథ తిరగబడేది. 1999లో నాప్‌స్టర్ వచ్చి జనం పాటలన్నీ ఉచితంగా పంచుకుంటుంటే 2001లో కోర్టు దాన్ని ఆపించింది. కానీ పాటల వ్యాపారం మళ్లీ పాత పద్ధతికి వెళ్లలేదు, ఇవాళ స్ట్రీమింగ్ యాప్‌లు నడిచేదంతా లైసెన్సు ఒప్పందాల మీదే. ఆ ఒప్పందాలు రాసేవాళ్లూ, లెక్కలు చూసేవాళ్లూ, గొడవొస్తే తేల్చేవాళ్లూ అందరూ ఈ రంగంలోనే బతుకుతున్నారు.

అసలు చిక్కు ఎక్కడుందో నీకు తెలియాలి, ఎందుకంటే నీ చదువు పనికొచ్చేది సరిగ్గా అక్కడే. కాపీరైట్‌కి అంతర్జాతీయంగా పునాది వేసిన బెర్న్ ఒప్పందం 1886 నాటిది. అచ్చుయంత్రాల కాలంలో కాపీ చెయ్యడమంటే ఖర్చుతో, శ్రమతో కూడిన పని, చేసినవాడు దొరికిపోతాడు కూడా. కంప్యూటర్‌లో అలా కాదు, నువ్వు ఒక పేజీ తెరిచినా మెమరీలో దాని కాపీ తయారవుతుంది. 1993లో అమెరికా అప్పీల్ కోర్టు ఒకటి, ప్రోగ్రామ్‌ని ర్యామ్‌లోకి ఎక్కించడం కూడా చట్టం దృష్టిలో కాపీయేనని తీర్పిచ్చింది! అక్షరాలా అమలు చేస్తే ఇంటర్నెట్ వాడే ప్రతివాళ్లూ రోజూ వందలసార్లు తప్పు చేస్తున్నట్టే. అందుకే యూరప్ 2001లో తాత్కాలిక కాపీలకు విడిగా మినహాయింపు ఇచ్చుకోవాల్సి వచ్చింది. బెర్న్ ఒప్పందం ప్రకారం హక్కు రావడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాసిన వెంటనే, తీసిన వెంటనే వచ్చేస్తుంది. రచయితలూ ప్రచురణకర్తలూ కొద్దిమందే ఉన్న రోజుల్లో అది మంచి ఏర్పాటు. ఇప్పుడు చేతిలో ఫోనున్న ప్రతిమనిషీ తెలియకుండానే వేల ఫొటోలకు హక్కుదారు, వాటిలో ఏదైనా ఒకటి వాడుకోవాలంటే ఎవర్ని అడగాలో తెలీదు.

ఒక కేసు చెప్తాను, ఇంజినీరింగ్ చదివేవాళ్లకి ఇది బాగా పట్టుకుంటుంది. చదివేసిన పుస్తకాన్ని నువ్వు ఎవరికైనా అమ్ముకోవచ్చు, రచయితని అడగక్కర్లేదు. మరి డబ్బిచ్చి కొన్న పాట ఫైలుని అమ్ముకోవచ్చా? రీడిజి అనే కంపెనీ చాలా తెలివిగా ఒక సాఫ్ట్‌వేర్ చేసింది. ఫైలుని చిన్న చిన్న ముక్కలుగా సర్వర్‌కి పంపుతూ, ఒక్కో ముక్క అటు చేరగానే ఇక్కడి కంప్యూటర్‌లోంచి దాన్ని చెరిపేస్తుంది. ఏ క్షణంలో చూసినా పాట మొత్తం రెండుచోట్ల ఉండదు కాబట్టి ఇది కాపీ కాదు, చేతులు మారడమేనని వాళ్ల వాదన. 2018లో అమెరికా అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. సర్వర్ మీద ఏర్పడింది కొత్త ప్రతి, పాతది చెరిపేసినంత మాత్రాన అది కాపీ కాకుండా పోదంది. యూరప్ కోర్టు 2012లో వాడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సుని తిరిగి అమ్ముకోవచ్చని, అదే కోర్టు 2019లో ఈ-బుక్‌ని మాత్రం అమ్మకూడదని చెప్పింది. ఇది చదువుతుంటే ‘అదేంటి, ఇందులో లాజిక్ ఏది’ అని నీకు చిరాకూ కుతూహలమూ రెండూ కలిగాయంటే ఈ రంగం నీకు సరిపోతుంది.

ఇప్పుడు నీ వీడియో సంగతి. అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ చట్టం ప్లాట్‌ఫామ్‌లకి ఒక రక్షణ ఇచ్చింది: హక్కుదారు నోటీసు పంపగానే తీసేస్తే, యూజర్ చేసిన తప్పుకి నష్టపరిహారం కట్టక్కర్లేదు. దాంతో ముందు తీసెయ్యడం, తర్వాత ఆలోచించడం ప్లాట్‌ఫామ్‌లకి అలవాటైంది. నోటీసు తప్పనుకుంటే యూజర్ ఎదురు నోటీసు ఇవ్వొచ్చు. అవతలివాళ్లు కోర్టుకి వెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో వీడియోని తిరిగి పెట్టాలి. మీరు ఎదురు నోటీసు ఇచ్చారా? చాలామంది భయపడి ఇవ్వరు. ఒక తల్లి తన పసిబిడ్డ వంటింట్లో గెంతులేస్తుంటే తీసిన 29 సెకన్ల వీడియోలో వెనక ఏదో పాట వినిపిస్తోందని తీయించేశారు. ఆవిడ ఊరుకోలేదు, కోర్టుకెళ్లింది. 2015లో అప్పీల్ కోర్టు, నోటీసు పంపేముందే అది న్యాయమైన వాడకమా (ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకుండానే వాడుకోవడానికి చట్టం ఒప్పుకునే వాడకం) కాదా అని హక్కుదారు ఆలోచించి తీరాలని చెప్పింది. యూట్యూబ్ 2007లో తెచ్చిన కంటెంట్ ఐడీ లాంటి వ్యవస్థలకి ఈ ఆలోచన చేతకాదు. అవి పాట గుర్తుని పోల్చి చూడగలవు, అంతే. ఆ పాటని నువ్వు విమర్శించడానికి వాడావా, పాఠం చెప్పడానికి వాడావా, ఊరికే ఎత్తుకొచ్చావా అన్నది వాటికి తెలీదు. యూరప్ 2019 కాపీరైట్ ఆదేశంలోని 17వ అధికరణం బాధ్యతని ఇంకా ప్లాట్‌ఫామ్‌ల మీదికే నెట్టింది. దాన్ని కొట్టెయ్యమని పోలాండ్ వేసిన కేసుని 2022లో యూరప్ కోర్టు తోసిపుచ్చింది, కానీ సక్రమమైన వీడియోలు ఫిల్టర్లలో పడి నలిగిపోకూడదని గట్టిగానే చెప్పింది. మరి ఆ ఫిల్టర్‌ని ఎంత సున్నితంగా పెట్టాలి, ఎక్కడ మనిషి చూడాలి? ఇది సగం కోడ్, సగం చట్టం. ఒక్కటే తెలిసినవాళ్లు దీనికి సరిపోరు.

ఇక ఏఐ. మీ నాన్నగారి భయమంతా దీని గురించే కాబట్టి ఇది ఆయనకి కూడా చూపించు. ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి, చాలామంది కలిపేసి మాట్లాడతారు. ఒకటి, ఏఐ మోడల్‌కి శిక్షణ ఇవ్వడానికి ఇతరుల రచనలు వాడుకోవచ్చా? జపాన్ 2018లోనే చట్టం సవరించి చాలామటుకు ఒప్పుకుంది, సింగపూర్ 2021 చట్టంలో మినహాయింపు పెట్టింది. యూరప్‌లో అయితే హక్కుదారు ‘నాది వాడొద్దు’ అని చెప్పుకునే వీలుంది, ఆన్‌లైన్‌లో ఉన్న వాటికి ఆ మాట యంత్రం చదవగలిగే రూపంలో చెప్పాలి. అంటే వెబ్‌సైట్ మూలన ఎవరూ పట్టించుకోకుండా పడుండే, ఏ ప్రోగ్రామ్ ఏ పేజీలు చదవకూడదో చెప్పే రోబోట్స్ ఫైలుకి ఇప్పుడు కోర్టులో విలువ ఏమిటన్న వాదన మొదలైంది! అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ 2023 డిసెంబర్‌లో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ మీద కేసు వేసింది, ఢిల్లీ హైకోర్టులో ఏఎన్ఐ వార్తా సంస్థ కూడా దాని మీదే 2024 నవంబర్‌లో వేసింది. 2025 జూన్‌లో అమెరికా జడ్జి ఒకరు, ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ మీద రచయితలు వేసిన కేసులో, శిక్షణకి పుస్తకాలు వాడటం న్యాయమైన వాడకమేనంటూనే, పైరసీ సైట్ల నుంచి దింపి దాచుకున్న పుస్తకాలకు అది వర్తించదన్నారు. ఆ కేసు 150 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది. చూశావా, డేటా ఎక్కడ్నుంచి వచ్చిందన్న ఒక్క ప్రశ్న మీద అంత డబ్బు! ఏ ఫైలు ఎక్కడ్నుంచి, ఏ లైసెన్సుతో, ఏ తేదీన వచ్చిందో రికార్డు పెట్టగలిగే మనిషి విలువ అందులోనే తెలుస్తుంది.

రెండోది, ఏఐ చేసిన బొమ్మకి హక్కు ఎవరిది? మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే చేసిన బొమ్మకి కాపీరైట్ రాదని అమెరికాలో 2023లో జిల్లా కోర్టు, 2025లో అప్పీల్ కోర్టు చెప్పాయి. బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు 2023 నవంబర్‌లో ఇంకో కేసులో, బొమ్మ కోసం ఒకాయన ఇచ్చిన సూచనల్లోనూ చేసిన మార్పుల్లోనూ ఆయన మేధోశ్రమ ఉంది కాబట్టి హక్కు ఆయనదేనంది. రెండు దేశాల్లోనూ వ్యాపారం చేసే గేమ్ కంపెనీ తన బొమ్మలు ఎలా గీయించుకోవాలి, ఎవరి పని ఎంతో ఎలా రాసి పెట్టుకోవాలి? దీనికి జవాబు చెప్పమని ఏఐనే అడగలేం, బాధ్యత తీసుకుని సంతకం పెట్టే మనిషి కావాలి.

ఉద్యోగాల విషయానికొస్తే, కాపీరైట్, పేటెంట్ లాంటి మేధోసంపత్తి హక్కులు అనగానే అందరూ నల్లకోటు వేసుకుని వాదించడమే అనుకుంటారు. ఈ రంగంలో చాలా పని కోర్టు మెట్లెక్కదు. ఒక వీడియోలో ఒక్క పాట పెట్టాలన్నా సాహిత్యం, బాణీ మీద ఒక హక్కు, రికార్డింగ్ మీద ఇంకో హక్కు, చాలాచోట్ల గాయకులకి విడిగా హక్కు. ఇవన్నీ ఎవరి దగ్గరున్నాయో వెతికి అనుమతులు తెచ్చే పని ఒక పూర్తి ఉద్యోగం. రికార్డింగుకి ఐఎస్ఆర్‌సీ, రచనకి ఐఎస్‌డబ్ల్యూసీ అని కోడ్లుంటాయి. అవి సరిగ్గా జత కాకపోతే రాయల్టీ వెళ్లాల్సినవాళ్లకి వెళ్లదు, డబ్బు ఎక్కడో ఆగిపోతుంది. డేటాబేస్ తెలిసిన నీలాంటివాళ్లు అక్కడ ఎంతో మేలు చెయ్యగలరు. కళాకారులకి అందాల్సిన డబ్బు అందించడం చిన్న పనని నేను అనుకోను. ప్లాట్‌ఫామ్‌ల పాలసీ టీములు, కొత్త ఆవిష్కరణలకి పేటెంట్ దరఖాస్తులు తయారుచేసే పేటెంట్ ఏజెంట్ పని కూడా ఉన్నాయి. రెండోదానికి చాలా దేశాల్లో లా డిగ్రీ కన్నా సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీనే ముందు అడుగుతారు, అది నీకు ఎలాగూ వస్తుంది.

నీకు మొట్టమొదట తెరుచుకునే తలుపు మాత్రం ఓపెన్ సోర్స్ లైసెన్సులని నా నమ్మకం. దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎవరో రాసి, కొన్ని షరతులతో అందరికీ తెరిచిపెట్టిన ఓపెన్ సోర్స్ కోడ్ వాడుతుంది. ఎంఐటీ లైసెన్సు అయితే పెద్ద ఇబ్బంది లేదు, జీపీఎల్ అయితే ఆ కోడ్ కలిపి పంచిన ప్రోగ్రామ్ సోర్స్‌ని కూడా ఇవ్వాల్సి రావచ్చు, చూసుకోకుండా కలిపేస్తే తర్వాత తలపోట్లు. గూగుల్, ఒరాకిల్ కంపెనీల మధ్య జావా అనే ప్రోగ్రామింగ్ భాష గురించిన గొడవ పదేళ్లకు పైగా నడిచి 2021లో అమెరికా సుప్రీంకోర్టులో 6-2తో గూగుల్ వైపు తేలింది. వాదనంతా దాదాపు 11,500 లైన్ల కోడ్ గురించే. లా డిగ్రీ లేకుండానే నువ్వు ఇప్పుడే మొదలుపెట్టగల పని ఇది.

చెయ్యకూడనిది కూడా చెప్తాను. ‘ఏఐ లా స్పెషలిస్ట్’ అని కొద్ది వారాల్లో సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులకి డబ్బు పొయ్యకు. చట్టమే ఇంకా తేలని చోట స్పెషలిస్టుని అంత తొందరగా ఎవరు తయారుచేస్తారు? ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) అకాడమీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే ప్రాథమిక కోర్సు ఉంది, ముందు అది పూర్తి చెయ్యి. కాంట్రాక్టు చట్టం మీద శ్రద్ధ పెట్టు, లా చేసేటప్పుడు పిల్లలు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, కానీ డిజిటల్ ప్రపంచంలో నువ్వు ఏం చెయ్యొచ్చో ఏం కూడదో చాలాసార్లు చట్టం కన్నా ముందు ‘ఐ అగ్రీ’ నొక్కిన ఒప్పందమే తేలుస్తుంది.

లా కోసం అప్లికేషన్ పెట్టేలోపు ఒక పని చెయ్యి. పైన చెప్పిన రీడిజి తీర్పుని ఎవరి సారాంశమూ చదవకుండా మొదట్నుంచి చివరిదాకా నువ్వే చదువు. చదివి, కోర్టు ఎందుకు అలా అంది, నువ్వైతే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఇంకోలా రాసి గెలిచేదానివా, గెలవలేవనుకుంటే చట్టంలో ఏ వాక్యం మార్చాలి, ఇవి రెండు పేజీల్లో తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాయి. మధ్యలోనే విసుగొచ్చి పక్కన పడేశావనుకో, నీకున్నది చట్టం మీద ఇష్టం కాకపోవచ్చు, నీ వీడియో తీసేశారన్న కోపం కావచ్చు. అలా అయినా నష్టమేమీ లేదు, కోర్సులో చేరకముందే తెలిసింది కదా. పూర్తిగా చదివి, రాసి, ఇంకో తీర్పు కోసం వెతుక్కున్నావంటే మాత్రం ధైర్యంగా ముందుకెళ్లు.

డబ్బు గురించి దాచకుండా చెప్పాలి. లాయర్‌గా ప్రాక్టీసు పెడితే మొదటి కొన్నేళ్లు చాలామందికి ఆదాయం తక్కువే, ఇంట్లో ఆ విషయం ముందే మాట్లాడుకోండి. అది కుదరదనుకుంటే ఇంజినీరింగ్ అవ్వగానే ఓపెన్ సోర్స్ లైసెన్సులు చూసే టీమున్న కంపెనీలోనో, డేటా లైసెన్సింగ్ చేసేచోటో చేరి, రెండుమూడేళ్లు పనిచేసి, కాస్త డబ్బు వెనకేసుకున్నాక లా చెయ్యి. అప్పటికి శిక్షణ డేటా మీద నడుస్తున్న కేసుల్లో కొన్నైనా ఒక దారికి వచ్చి ఉంటాయి, ఏ వైపు స్పెషలైజ్ చెయ్యాలో నీకే తెలుస్తుంది. నాన్నగారికి కూడా ఈ రెండో దారి వినడానికి తేలిగ్గా ఉంటుంది, ముందు ఆయనతో దీని గురించే మాట్లాడు.