కైట్‌బోర్డింగ్ నిజంగా అంత డేంజరా?
పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆట ఇది. డేంజరే, కాకపోతే నీళ్ల కన్నా గాలితోనే ఎక్కువ. పెద్ద దెబ్బలు చాలావరకు ఒడ్డు దగ్గరే, కైట్ లేపేటప్పుడో దించేటప్పుడో తగులుతాయి, ఎందుకంటే అక్కడ రాళ్లు, గోడలు, మనుషులు ఉంటారు. గాలి స్పీడ్ రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుంది, అందుకే మబ్బు కమ్ముతుంటే ఇంకొక్క రౌండ్ అనుకోకుండా ముందే దించేయాలి. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలిలో అసలు దిగొద్దు, ఏదైనా తెగితే లోపలికి కొట్టుకుపోతారు. హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బల నుంచి ఒంటిని కాపాడే మెత్తటి జాకెట్) ఎలాగూ వేసుకోవాలి గానీ నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం క్విక్ రిలీజ్, దాన్ని ముందుకు తోస్తే కైట్ లాగుడు దాదాపు పోతుంది, కానీ కొంతమంది కొన్నాక ఒక్కసారి కూడా వాడి చూడరు (అదేం ధైర్యమో!), కంగారులో కూడా చెయ్యి దానంతటదే అక్కడికి పోయేలా ప్రాక్టీస్ చేసుకోవాలి. లైన్లు (కైట్ తాళ్లు) వేళ్లకి మాత్రం చుట్టుకోవద్దు.