అమ్మకు షుగర్, బీపీ ఉన్నాయి. తెల్లవారుజామున పొంతన లేకుండా మాట్లాడుతోంది. వయసు వల్లేనా?

వయసు మీదకు తోసెయ్యకండి. అమ్మగారికి 76 ఏళ్లు, రెండు పూటలా ఇన్సులిన్, బీపీ మాత్రలు అని రాశారు కదా. ఈసారి అలా మాట్లాడితే ముందు గ్లూకోమీటరు తీసి షుగర్ చూడండి.

నేను మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఇంట్లో మా అత్తయ్యకూ ఇవే జబ్బులు. షుగర్ 250 ఉంటే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు, 65 కనిపిస్తే "భలే కంట్రోల్‌లో ఉంది" అని సంబరపడతారు. నిజానికి పెద్దవాళ్లలో అప్పటికప్పుడు ప్రాణం మీదకు తెచ్చేది ఆ రెండోదే. 70 కన్నా దిగితే తక్కువైనట్టే లెక్క. గుండెదడ, వణుకు వస్తాయిలే, తెలుస్తుందిలే అనుకోవద్దు. బీపీకి అటెనోలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లకు అవి తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. పొద్దున్నే జాకెట్టు, దిండు గలేబు తడిగా ఉన్నాయేమో చూడండి.

తెలివిగా ఉండి మింగగలిగితే మూడు టీస్పూన్ల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి, 70 దాటకపోతే ఇంకోసారి ఇవ్వండి. దాటాక ఇడ్లీయో, కాస్త పెరుగన్నమో పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్ర కూడా వేసుకుంటున్నా, కిడ్నీలు దెబ్బతిని ఉన్నా, తేరుకున్నట్టే ఉండి కొన్ని గంటల్లో మళ్లీ షుగర్ పడిపోవచ్చు. అలాంటివాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

షుగర్ ఎందుకు పడిపోతోందో వెతకండి. మా ఇంట్లో అయితే కార్తీక సోమవారాలు! మందు మానకూడదని మాత్ర వేసుకుంటారు, తిండి మాత్రం మానేస్తారు. ఉపవాసం మాన్పించడం నా వల్ల కాలేదు. అందుకే ఆ రోజుల్లో ఏ మందు ఎంత వెయ్యాలో డాక్టరుగారితో ముందే రాయించుకుంటాం. రాత్రి సరిగా తినకుండా పడుకున్నా ఇదే తంతు.

సిరంజి కూడా చూడండి. మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్రమూత సిరంజి. 100 యూనిట్ల మందుకు నారింజ మూతది. 100 మందును ఎర్రమూత సిరంజితో లాగితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. సీసా మీద అంకె చదవకుండా మెడికల్ షాపులో ఏది ఇస్తే అది తెచ్చుకోకండి.

బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఒకసారి చూడండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. రాత్రి బాత్రూముకు లేచి పడిపోయేవాళ్లలో చాలామందిది ఇదే కథ. మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, తర్వాత లేపండి. మోకాళ్ల నొప్పులకని షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. దాన్ని ఇంట్లో ఉంచకండి.

ఇన్సులిన్ డోసు మీ అంతట మీరు మార్చొద్దు. కొన్ని రాత్రులు మూడు గంటలకు షుగర్ చూసి, రాసి, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ఈ వయసులో, ఇన్ని జబ్బులున్నప్పుడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 8 దాకా ఉన్నా చాలునని చాలాసార్లు వాళ్లే అంటారు.

షుగర్ బాగానే ఉండి కూడా తికమకగా మాట్లాడితే మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం రెండూ పరీక్ష చేయించండి. పెద్దవాళ్లకు జ్వరం లేకుండానే ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి.