సెక్స్ వర్కర్ సుఖం గురించి క్వీర్ సినిమా తీస్తే కేసు పడుతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో నలుగురు ఫ్రెండ్స్ కలిసి అరగంట షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. కథానాయిక సెక్స్ వర్క్ చేసే ట్రాన్స్ మహిళ, ఆమె ప్రేమించేది ఇంకో అమ్మాయిని. ఏడుపు కథ కాదు, తన ఒంటి గురించీ తన పని గురించీ తన సుఖం గురించీ ఆమె తలెత్తుకుని మాట్లాడే సినిమా. పడక సీన్లున్నాయి. ఆ పాత్ర వేస్తున్నామె నిజంగానే ఆ పని చేస్తుంది. చిన్న హాల్లో వేసి, తర్వాత యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటున్నాం. కేసు పడుతుందా? ఆమెకేమైనా ఇబ్బందా? (పేరు వద్దన్నారు)

జవాబు: కథ గురించైతే టెన్షన్ వద్దు. పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుంటే అది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చేసింది. సెక్స్ వర్క్ కూడా దానంతటది నేరం కాదు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం శిక్షించేది బ్రోతల్ నడపడాన్ని, ఆ సంపాదన మీద బతికేవాళ్లని, మనుషుల్ని అందులోకి దింపేవాళ్లని, బహిరంగంగా విటుల్ని పిలవడాన్ని. ఒక సెక్స్ వర్కర్ సంతోషంగా ఉందని సినిమా తీయడం ఏ సెక్షన్‌లోనూ నేరం కాదు.

చిక్కంతా పడక సీన్ల దగ్గరే. దర్శకుడు కె.ఎ. అబ్బాస్ నాలుగు నగరాల మీద తీసిన డాక్యుమెంటరీలో బొంబాయి రెడ్‌లైట్ ఏరియా సీన్లకి సెన్సార్ అడ్డుపడితే ఆయన సుప్రీంకోర్టుకెక్కారు. 1970లో కోర్టు సెన్సార్ వ్యవస్థ ఉండాల్సిందేనంది కానీ, సెక్స్ ఉన్నంత మాత్రాన అది అశ్లీలం అయిపోదని కూడా చెప్పింది. తర్వాత 2014లో, ఏదో ఒక ముక్క పట్టుకోకుండా మొత్తం రచనని ఇప్పటి సమాజం కళ్లతో చూడాలంది. ఇవన్నీ మీకు పనికొచ్చేవే. కానీ 1996లో, ఫూలన్ దేవి జీవితం మీద తీసిన బాండిట్ క్వీన్ సినిమా కేసులో, ఆమెని బట్టలిప్పి ఊరేగించిన నగ్న దృశ్యాన్ని కోర్టు ఎందుకు ఒప్పుకుందో చూడండి. అది చూసేవాళ్లలో కామం రేపదు, ఆమెని హింసించినవాళ్ల మీద అసహ్యం రేపుతుంది అని. అంటే బట్టల్లేని ఆడది బాధపడుతుంటే కోర్టులో రక్షణ తేలిగ్గా దొరుకుతుంది, అదే మనిషి సుఖపడుతుంటే మనం వాదించి గెలుచుకోవాలి. నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, సెక్స్ వర్కర్‌ని తెర మీద ఏడిపిస్తే కళ అనీ నవ్విస్తే బూతు అనీ అనడం ఏం న్యాయం? కానీ మీరు సినిమా తీసేది ఇప్పుడున్న చట్టం కింద, కాబట్టి ఆ వాదనకి కావలసిన సరంజామా ముందే సిద్ధం చేసుకోండి: స్క్రిప్టు, ఏ సీన్ కథకి ఎందుకు అవసరమో రాసిన నోట్సు, తేదీలతో సహా.

హాల్లో వేయడం నిజానికి యూట్యూబ్ కంటే సేఫ్. జనానికి చూపించాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, అది లేకుండా వేస్తే మూడేళ్ల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ. ‘ఎ’ సర్టిఫికెట్‌కి అప్లై చేయండి. వస్తే అదొక కవచం కూడా, రాజ్‌కపూర్ మీద అశ్లీలం కేసు పెట్టినప్పుడు 1980లో సుప్రీంకోర్టు సర్టిఫికెట్ ఉన్న సంగతి చూసే ఆయనకి రక్షణ ఇచ్చింది. ఇవ్వకపోతే సెన్సార్ బోర్డులోనే మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ, అక్కడా కాకపోతే హైకోర్టు (మధ్యలో ఉండే ట్రిబ్యునల్‌ని 2021లో ఎత్తేశారు). ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేసేటట్టయితే నిర్వాహకులు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవచ్చు, మీలాంటి చిన్న సినిమాకి నేను ఆ దారే మంచిదంటాను.

నెట్‌లో పెట్టడం దగ్గరే నాకు అసలు భయం. ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద అశ్లీలమైతే మొదటిసారి మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, బెయిల్ హక్కుగా వస్తుంది. సీన్ లైంగిక చర్యని పచ్చిగా చూపిస్తోందని 67ఎ పెట్టారంటే ఐదేళ్లు, పది లక్షలు, పైగా నాన్ బెయిలబుల్. యూట్యూబే కాదు, రఫ్ కట్‌ని ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో పంపినా పంపినట్టే లెక్క. కళ కోసమైతే మినహాయింపు ఉంది కానీ అది అరెస్టు నాడు పనికిరాదు, విచారణలో నిరూపించుకోవాలి. కాబట్టి నెట్‌కి వేరే కట్ చేయండి, ముఖాలూ మాటలూ చేతులూ ఊపిరీ చాలు, అంగాలు వద్దు.

ఇక ఆమె సంగతి. మీకు పోయేది డబ్బూ నిద్రా, ఆమెకి ఇల్లే పోవచ్చు. ఆమె ఉండే గదిలో మాత్రం షూటింగ్ పెట్టకండి. ఇద్దరు సెక్స్ వర్కర్లు కలిసి ఒక గదిని ఇద్దరి లాభానికీ వాడుకున్నా ఆ 1956 చట్టం దాన్ని బ్రోతల్ అంటుంది, అలా తేలితే మేజిస్ట్రేట్ ఖాళీ చేయించవచ్చు, 20వ సెక్షన్ కింద ఆమెని ఆ ఏరియా వదిలి పొమ్మనే అధికారం కూడా ఉంది. కాబట్టి గల్లీ బోర్డు, గుడి గోపురం, షాపు పేరు ఏవీ ఫ్రేములో పడకూడదు. ఆమె చేసే పని గురించి పోస్టర్లో, ఇంటర్వ్యూల్లో రాయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, అదీ రాతపూర్వకంగా. 2022 మే 19న సుప్రీంకోర్టు సెక్స్ వర్కర్లని పోలీసులు గౌరవంగా చూడాలనీ, దాడుల్లో పట్టుబడ్డవాళ్ల గుర్తింపు మీడియా బయటపెట్టకూడదనీ చెప్పింది, అయితే కోర్టు వేసిన కమిటీ సిఫారసుల్లో కొన్నిటికి కేంద్రం అడ్డు చెప్పింది కాబట్టి పేపర్లో హెడ్డింగు చూసి ధైర్యపడొద్దు.

ట్రాన్స్ మనిషి అన్న ఒక్క కారణానికే పట్టుకెళతారేమోనని ఆమె భయపడుతుంటే, నిజాం కాలం నుంచి మన నెత్తిన ఉన్న 1329 ఫసలీ (అంటే 1919 నాటి) హిజ్రాల చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసిందని చెప్పండి. ఆడవేషంలో బయటికొచ్చినందుకే వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన చట్టం అది.

అగ్రిమెంటు తెలుగులో రాయించి, ఆమెకి చదివి వినిపించి సంతకం తీసుకోండి. పడక సీన్లలో ఎంతవరకు నటిస్తుందో, ఏ నిమిషంలోనైనా ఆపమనే హక్కూ, ఫైనల్ కట్ చూసి ఆ సీన్లకి ఒప్పుకునే హక్కూ అందులో ఉండాలి. నటించే అందరి వయసు రుజువులూ దగ్గర పెట్టుకోండి, పద్దెనిమిది నిండని మనిషి ఉంటే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) వస్తుంది, అక్కడ కళ అనే మాటే ఎవరూ వినరు. పారితోషికం బ్యాంకులో వేయండి. కెమెరా ముందు నటనే ఉండాలి, నిజమైన సంభోగం కాదు. డబ్బిచ్చి అది చేయించారని అంటే మీ మీద వ్యభిచారంలోకి దింపారని 1956 చట్టం 5వ సెక్షన్ కూడా వేస్తారు.

స్టేషన్ నుంచి ఫోనొస్తే పరిగెత్తుకెళ్లకండి. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలకి సాధారణంగా ముందు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద హాజరు కమ్మనే నోటీసు ఇవ్వాలి, రాతలో అడగండి. వెళ్లేటప్పుడు వకీలుతో వెళ్లండి, 67ఎ అని తెలిస్తే అదే రోజు ముందస్తు బెయిల్‌కి వేయించండి. ఆమెని పిలిస్తే మాత్రం ఒంటరిగా పంపకండి.