సమాధానం: అమెరికాలోని బావగారి విరాళం గురించి

పర్లాకిమిడిలో మీ కుర్రవాళ్లు లాభాపేక్ష లేకుండా నడుపుతున్న వీడియో వార్తల సంఘానికి అమెరికాలోని మీ బావగారు డబ్బు పంపవచ్చునా అని అడిగారు. ఆయన అక్కడి పౌరసత్వం తీసుకొని ఉంటే వద్దండీ; భారత సంతతివారిచ్చినా అది విదేశీ విరాళమే అవుతుంది, వార్తా ప్రసార సంస్థలు దానిని స్వీకరించడాన్ని 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 3వ సెక్షన్ నిషేధించింది. ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. పాస్‌పోర్టు నకలు మాత్రం రసీదుతో పాటు భద్రపరచండి.

నన్నడిగితే ఊరి చందాయే గట్టిది. మా సంఘం నెలకు 50 రూపాయలిచ్చినవారికీ తెలుగులోనూ ఒడియాలోనూ రసీదు రాసి, ఖర్చుల కాగితాన్ని గ్రంథాలయం తలుపుకు అంటిస్తుంది. అది చదివాకే ఎదురుగా ఉన్న టీకొట్టాయన చందాదారుగా చేరారు.