34 వారాల్లో బిడ్డ కదలికలు తగ్గితే చెకప్ రోజు దాకా ఆగొచ్చా?

ఆగొద్దమ్మా. తొలి కాన్పు, 34 వారాలు, నిన్నటి నుంచి కదలికలు మందగించాయి, చెకప్ సోమవారం అని రాశారు. గుంటూరులో మీరు చూపించుకుంటున్న డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేసి, ఈరోజే వెళ్లండి. లెక్కపెట్టే పద్ధతి కింద రాస్తున్నాను గానీ అది రేపటి నుంచి పనికొచ్చేది, దానికోసం ఇప్పుడు ఆగకండి.

"తొమ్మిదో నెలలో చోటు చాలక బిడ్డ కదలదు" అని మీ అత్తగారు అన్నారు కదా. మన ఇళ్లలో అందరూ అనే మాటే, కానీ తప్పు. చోటు తగ్గేకొద్దీ కదిలే తీరు మారుతుంది. గట్టి తన్నులు తగ్గి పొర్లడం, ఒత్తడం, పొట్ట ఒక పక్కకి ఉబకడం ఎక్కువవుతాయి. ఎన్నిసార్లు కదులుతుందన్నది మాత్రం తగ్గకూడదు. మాయ (ప్లాసెంటా) నుంచి ఆక్సిజన్ సరిగా అందనప్పుడు బిడ్డ ఒళ్లు కదపడం తగ్గించి, ఉన్నదాన్ని గుండెకీ మెదడుకీ దాచుకుంటుంది. అందుకే లేబర్ రూముల్లో పనిచేసే మేం ఈ మాట వినగానే ఉలిక్కిపడతాం.

లెక్క 28 వారాల నుంచి, రోజూ ఒకే వేళకి. రాత్రి భోజనం తర్వాత అయితే మంచిది. బాత్‌రూముకి వెళ్లొచ్చి, ఎడమ పక్కకి తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసి టైం రాసుకోండి. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్ను దగ్గరున్న పెద్ద రక్తనాళం మీద పడి మాయకి రక్తం తగ్గుతుంది. తన్ను, పొర్లు, ఒత్తు ఏదైనా ఒకటే. ఆగకుండా గిరగిరా తిరిగితే అంతా కలిపి ఒకటి. ఒకే లయలో టక్‌టక్‌మనే ఎక్కిళ్లు లెక్కలోకి రావు. పదోది వచ్చిన టైం రాయండి. రెండు గంటల్లో పది రావాలి, మామూలుగా చాలా ముందే వచ్చేస్తాయి. బిడ్డ నిద్ర ఒక విడతకి 20 నుంచి 40 నిమిషాలు, గంటన్నర దాటడం అరుదు. కాబట్టి "నిద్రపోతోందేమో" అని సర్దిచెప్పుకోకండి.

పది అనే అంకె కన్నా మీ బిడ్డ అలవాటు ముఖ్యం. రోజూ 25 నిమిషాల్లో పది వచ్చేవాళ్లకి ఇవాళ గంటన్నర పట్టిందంటే, అంకె సరిపోయినా వెళ్లాల్సిందే.

సీరియల్ చూస్తూనో, వంటింట్లో నిలబడో లెక్కపెడితే సగం తెలియవు. మాయ ముందుగోడకి ఉంటే మెత్తటి తన్నులు తెలియకపోవచ్చు, కానీ నిన్నటిదాకా తెలిసినవి ఇవాళ తెలియకపోతే ఆ కారణం చెల్లదు. కూల్‌డ్రింకు తాగి చూడమనేవాళ్లు ఉంటారు. దాంతో బిడ్డ క్షేమం తేలదు, విలువైన గంటలు మాత్రం పోతాయి, షుగర్ ఉన్నవాళ్లకైతే అదనపు చేటు. బిడ్డ గుండె చప్పుడు వినడానికి ఇంట్లో వాడే డాప్లర్ యంత్రాన్ని అసలు నమ్మొద్దు. అందులో వినిపించేది మీ నాడే కావచ్చు. బిడ్డ గుండె చప్పుడే అయినా, బిడ్డ బాగుందని దాన్నిబట్టి చెప్పలేం.

ఆసుపత్రిలో ఎన్‌ఎస్‌టీ తీస్తారు, అంటే బిడ్డ గుండె వేగం ఎలా మారుతోందో చూసే పరీక్ష. పొట్టకి రెండు బెల్టులు కడతారు, ఒకటి బిడ్డ గుండెకి, ఒకటి గర్భసంచి బిగువుకి. 20 నిమిషాలు, బిడ్డ నిద్రలో ఉంటే 40. గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. ఆ 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు 15 చొప్పున పెరిగి 15 సెకన్లు నిలవాలి. అవసరమైతే స్కానింగ్‌లో ఉమ్మనీరు, ఎదుగుదల, రక్తప్రసరణ చూస్తారు. అన్నీ బాగుండి ఇంటికి పంపినా, రేపు మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లండి, మొహమాటపడొద్దు. రెండోసారి తగ్గడాన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

రాత్రిపూట క్లినిక్ మూసి ఉంటే గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) కాన్పుల వార్డుకి వెళ్లండి. కదలిక అసలు లేకపోయినా, రక్తం గానీ ఉమ్మనీరు గానీ పోతున్నా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా 108కి ఫోన్ చేయండి. స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్ కాగితం ఉన్న ఫైలు తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర "చెకప్‌కి వచ్చాం" అంటే వరసలో కూర్చోబెడతారు. "34 వారాలు, నిన్నటి నుంచి బిడ్డ కదలికలు తగ్గాయి" అని చెప్పి, చివరిసారి బాగా కదిలింది ఎప్పుడో కూడా చెప్పండి.