‘ఉత్తి ఎంబీబీఎస్’ అనిపించుకోకుండా ఉండాలంటే ఏ సంఘంలో చేరాలి?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో హౌస్ సర్జన్‌గా చేస్తోంది. ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. నీట్ పీజీకి లాంగ్ టర్మ్‌లో చేరమంటే వినడం లేదు. ఫ్యామిలీ డాక్టర్‌గా ప్రాక్టీసు పెడతానంటోంది. చుట్టాలేమో ‘ఉత్తి ఎంబీబీఎస్సేనా’ అంటున్నారు. డాక్టర్ల సంఘంలో సభ్యత్వం తీసుకుని, ఆన్‌లైన్‌లో షుగర్ ఫెలోషిప్ కూడా చేస్తే పేరు పక్కన నాలుగక్షరాలు చేరతాయని తెలిసినవాళ్లు చెప్పారు. ఇప్పుడే కడితే ఫీజులో తగ్గింపు ఉందట. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ (ఐఎంఏ) మంచిదా, ఫ్యామిలీ ఫిజీషియన్ల అకాడమీ మంచిదా?
– ఒక తండ్రి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: డబ్బు ఇంకా కట్టలేదు కదండీ? కట్టకపోతే ఆగండి. హౌస్ సర్జన్‌కి ఉండేది ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్. పన్నెండు నెలలూ పూర్తయి, మెడికల్ కౌన్సిల్ పర్మనెంట్ రిజిస్ట్రేషన్ ఇచ్చాకే ఏ డాక్టర్ల సంఘంలోనైనా పూర్తి సభ్యత్వం వస్తుంది. అంతవరకూ ఐఎంఏలో వైద్య విద్యార్థుల విభాగం ఒకటుంది, కావాలంటే అందులో చేరొచ్చు. ఇప్పుడే కట్టమని తొందరపెడుతున్నది ఫెలోషిప్ అమ్మేవాళ్లు. ఆ తగ్గింపుకీ మీ అమ్మాయి భవిష్యత్తుకీ ఏ సంబంధమూ లేదు.

ఏటా హౌస్ సర్జన్లు బయటికొచ్చే నెలల్లో ఊళ్ల పేర్లు మారి ఇదే ప్రశ్న వస్తుంది. అడిగేది సంఘం గురించే అయినా మనసులో గుచ్చుకుంటున్నది ఆ ‘ఉత్తి’ అన్న మాట. ఒక్కటి సూటిగా చెప్పనివ్వండి. ఆ మాట చుట్టాలు అన్నప్పుడు మీరేం జవాబిచ్చారు? మీరు తల దించుకుంటే మీ అమ్మాయి అది చూస్తుంది. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది వార్డు డ్యూటీలు, లేబర్ రూములో రాత్రుళ్లు, క్యాజువాలిటీలో పాము కాట్లు, పురుగుమందు తాగిన కేసులు చూసి వచ్చిన మనిషికి పెళ్లిపత్రిక మీద వేయడానికి నాలుగక్షరాలు కొనాలని మీరు వెతుకుతున్నారు. తనకి అవసరమైనవి వేరే ఉన్నాయి.

ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. మొదటిది కౌన్సిల్. విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో నమోదు చట్టం ప్రకారం తప్పనిసరి. అది లేకుండా ఒక్క మందుల చీటీ కూడా రాయకూడదు. రెండోది సంఘం. ఇది ఇష్టమైతే చేరేది. డాక్టర్ల ప్రవర్తనకు సంబంధించిన 2002 నియమావళి మాత్రం వృత్తి ఎదుగుదల కోసం వైద్య సంఘాల్లో చేరి చురుగ్గా పాల్గొనమనే చెబుతుంది. 2023 ఆగస్టులో కొత్త నియమావళి వచ్చినా, అదే నెలలో దాన్ని పక్కన పెట్టడంతో 2002 నాటిదే నడుస్తోంది. మూడోది డిగ్రీ. ఫ్యామిలీ మెడిసిన్‌లో జాతీయ పరీక్షల మండలి ఇచ్చే మూడేళ్ల పీజీ, అంటే డీఎన్‌బీ ఉంది, కొన్ని కాలేజీల్లో ఎండీ ఉంది. 2020లో అదే మండలి రెండేళ్ల డిప్లొమా మొదలుపెట్టిన ఎనిమిది విభాగాల్లో ఫ్యామిలీ మెడిసిన్ కూడా ఒకటి. అదనపు అర్హతగా కౌన్సిల్‌లో నమోదయ్యేవి ఇలాంటివే. సంఘం సభ్యత్వం డిగ్రీ కాదు, దాని రసీదు ఎంత మందపు కాగితం మీద అచ్చు వేసినా సరే.

ఇక ఆ షుగర్ ఫెలోషిప్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి నోటా ఇదే. ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసులు, చివర్లో బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష, రెండు మూడు రోజులు ఏదో ఆసుపత్రిలో తిప్పి చూపించడం, విదేశీ విశ్వవిద్యాలయం ముద్రతో ఒక సర్టిఫికెట్. ఇందులో చదువే ఉండదని అనను. ఇన్సులిన్ డోసు ఎలా పెంచాలో, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఏ మాత్ర ఆపాలో బాగా నేర్పే కోర్సులూ ఉన్నాయి. నేర్చుకోవడానికైతే చేయనివ్వండి. బోర్డు మీద రాయడానికైతే వద్దు. ఆ విభాగంలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోవడం తప్పని అదే 2002 నియమావళి అంటుంది. ఎంబీబీఎస్ పక్కన ‘డయాబెటాలజిస్ట్’ అని రాసుకున్న రోజు నుంచి తన ప్రతి చీటీనీ స్పెషలిస్టు ప్రమాణంతో కొలుస్తారు. పేషెంటుకి కాలి పుండు ముదిరి కేసు వేస్తే, అవతలి లాయరు మొదట చూపించేది ఆ బోర్డు ఫొటోనే. లక్ష కట్టి కొన్న అక్షరాలు అక్కడ తనకే అడ్డం తిరుగుతాయి.

ఐఎంఏ వారి జనరల్ ప్రాక్టీషనర్ల కాలేజీ 1963 నుంచి ఉంది. వాళ్లిచ్చే ఫెలోషిప్‌ని కూడా చదువుకున్నందుకు గుర్తుగానే చూడాలి, పీజీగా కాదు. బ్రిటన్ జనరల్ ప్రాక్టీషనర్ల కాలేజీ పేరున జరిగే ఎంఆర్‌సీజీపీ ఇంటర్నేషనల్ అనే మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. అది నిజమైన పరీక్షే, కష్టమైనదే. పేరులో ‘మెంబర్’ అని ఉండటంతో చందా కట్టే సభ్యత్వమని కొందరు అనుకుంటారు. కాదు, పాసవ్వాలి. పాసైనా అంతమాత్రాన ఇంగ్లండ్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టర్‌గా పనిచేసే అర్హత రాదు, ఇక్కడా పీజీ కిందికి రాదు. ఆ సంగతి చెప్పకుండా కోచింగ్ అమ్మేవాళ్లు ఉన్నారు.

బోర్డు ఎలా ఉండాలంటే: పేరు, దాని కింద ఎంబీబీఎస్, దాని కింద కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. ఆ నంబరు క్లినిక్‌లో కనబడాలి, చీటీ మీదా సర్టిఫికెట్ మీదా డబ్బు రసీదు మీదా ఉండాలి. ఇది నియమం. మీరు కావాలంటున్న నాలుగక్షరాల కన్నా ఆ నంబరు విలువైనది. మన పల్లెల్లో చదువు లేకుండా సూది వేసేవాళ్లనే ఆర్‌ఎంపీ అంటారు, చట్టంలో ఆ మూడక్షరాలకి అర్థం ‘నమోదైన వైద్యులు’. మీ అమ్మాయికి ఆ నమోదు ఉంటుంది, వాళ్లకి ఉండదు. తేడా తెలిపేది ఆ అంకెలే.

ఇప్పుడు మీరడిగిన పోలిక. ఐఎంఏ 1928లో పుట్టింది. అన్ని విభాగాల డాక్టర్లూ ఉంటారు, చేరేది మన ఊరి బ్రాంచిలో, దాని ద్వారానే రాష్ట్రానికీ కేంద్రానికీ సభ్యులవుతాం. ఫ్యామిలీ ఫిజీషియన్ల జాతీయ అకాడమీ 2010 నాటిది, చిన్నది, సబ్జెక్టు మీద నడిచేది. ఫ్యామిలీ డాక్టర్ల ప్రపంచ సంస్థ వోంకాతో దానికి అనుబంధం ఉంది. క్లినిక్ పెట్టేవాళ్లకి మొదట ఐఎంఏ. డీఎన్‌బీ వైపు వెళ్లాలన్నా, ఈ సబ్జెక్టులో నిలబడాలన్నా అకాడమీ కూడా. రెండింటికీ పోటీ లేదు. అంతకు మించి పోల్చడానికి పెద్దగా ఏమీ లేదండీ.

ఎందుకు మొదట ఐఎంఏ అంటున్నానో చెబుతాను. ఫ్యామిలీ డాక్టర్ ఒంటరి. పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు పక్క టేబుల్లో సీనియర్ ఉంటారు, సొంత క్లినిక్‌లో ఉండరు. రాత్రి తొమ్మిదింటికి యాభై ఏళ్లాయన ఛాతీ పట్టేసిందని వస్తాడు. ఈసీజీలో ఏదో తేడా ఉంది, గట్టిగా చెప్పలేని తేడా. అప్పుడు ఆ కాగితం ఫొటో తీసి పంపితే రెండు నిమిషాల్లో జవాబిచ్చే కార్డియాలజిస్టు ఒకరు కావాలి. ముఖం తెలియని జూనియర్‌కి ఎవరూ అంత వేళప్పుడు జవాబివ్వరు. నెలనెలా బ్రాంచి మీటింగులో పలకరించిన అమ్మాయికైతే ఇస్తారు. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఉన్న పెద్ద డాక్టర్లతో ఆ పరిచయం మరే దారిలోనూ ఇంత తేలిగ్గా దొరకదు. మహిళా డాక్టర్ల విభాగం కూడా ఉంది. క్లినిక్‌లో ఎవరైనా గొడవకి దిగితే, డాక్టర్లపై దాడుల్ని నిరోధించే 2008 నాటి రాష్ట్ర చట్టం కింద కేసు పెట్టమని స్టేషన్‌కి తోడు వచ్చేదీ ఆ బ్రాంచి వాళ్లే.

బ్రాంచి ఎంపికలో తొందర వద్దు. గుంటూరులో ఉంటూ విజయవాడలో పనిచేస్తే, మీటింగులు జరిగేది ఓపీలు ముగిశాక రాత్రిపూట. ముప్పై అయిదు కిలోమీటర్లు వెనక్కి వచ్చి హాజరవడం రెండో నెలకే మానేస్తుంది. ప్రాక్టీసు ఎక్కడ చేస్తే ఆ బ్రాంచే. తర్వాత ఊరు మారితే సభ్యత్వం మార్పించుకోవచ్చు. దంపతులిద్దరూ డాక్టర్లైతే కలిపి కట్టే రుసుము విడివిడిగా కన్నా తక్కువ.

ఫారంతో పాటు ఎంబీబీఎస్ సర్టిఫికెట్, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ నకళ్లు, ఫొటోలు, గుర్తింపు కార్డు. ప్రతిపాదించే సభ్యులొకరు, బలపరిచేవారొకరు సంతకం చేయాలి. తప్పు జరిగేది ఎక్కువగా పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, డిగ్రీలో పొడి అక్షరం. కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపాలి. డబ్బు బ్రాంచి ఖాతాకే కట్టాలి, వ్యక్తుల ఫోన్ నంబర్లకి కాదు. ఫారం బ్రాంచి నుంచి రాష్ట్ర శాఖకీ అక్కడి నుంచి ఢిల్లీకీ వెళ్తుంది, మధ్యలో ఏ బల్ల మీదైనా ఆగిపోవచ్చు. రసీదు దాచుకుని, లైఫ్ మెంబర్ నంబరు చేతికొచ్చేదాకా కార్యదర్శిని అడుగుతూనే ఉండాలి.

చేరగానే అన్నీ వచ్చేసినట్టు కాదు. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. కేసులకి రక్షణగా సంఘం పథకాలు ఉంటాయి, వాటికి వేరే రుసుము, వేరే దరఖాస్తు. సభ్యత్వ రుసుములోనే కలిసి ఉందనుకుని చాలామంది ఊరుకుంటారు. బీమా కంపెనీ పాలసీ తీసుకుంటే రెండు సంగతులు చదవాలి. ఒకటి, వైద్యం చేసిన రోజు పాలసీ ఉంటే చాలదు, ఫిర్యాదు వచ్చిన రోజూ నడుస్తూ ఉండాలి. ఫిర్యాదుకి రెండేళ్ల గడువుంది కాబట్టి ఒక్క ఏడాది రెన్యువల్ తప్పినా వెనకటి రక్షణ పోయే ప్రమాదం ఉంది. రెండు, మొత్తం ఇరవై లక్షలని రాసి ఉన్నా, ఒక్క కేసు పరిమితికీ ఏడాది మొత్తానికీ ఒకటికి నాలుగు నిష్పత్తి పెడితే ఒక్క కేసుకి అయిదు లక్షలే. పాలసీ అమ్మేవాళ్లు ఇది తమంతట తాము చెప్పరు.

కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అయిదేళ్లలో ముప్పై గంటల వైద్య విద్యా సదస్సులకు హాజరవ్వాలని నియమావళి. బ్రాంచి సదస్సులతో ఇవి సమకూరతాయి. కాకపోతే క్రెడిట్ గంటలు ముందుగా కౌన్సిల్ మంజూరు చేసినవై ఉండాలి. సర్టిఫికెట్ మీద గంటలూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. మందుల కంపెనీ వెబినార్ ఇచ్చే రంగుల కాగితం లెక్కకి రాదు. ఆ కంపెనీలు ప్రయాణ ఖర్చు పెడతామన్నా వద్దనాలి. డాక్టర్లు అలా తీసుకోవడాన్ని 2009లోనే నిషేధించారు.

సంఘం ఏ ఇబ్బందీ లేనిదని చెప్పను. ఎన్నికలు, వర్గాలు, శాలువాలు ఉంటాయి. వాటికి దూరంగా కూర్చుని సదస్సు విని వచ్చేయొచ్చు.

ఫ్యామిలీ డాక్టరు బతకలేరన్న మీ భయం మాత్రం తీసేయండి. గుంటూరు, విజయవాడల్లో షుగరు, బీపీ లేని ఇల్లు వెతకాలి. ప్రతి జ్వరానికీ స్పెషలిస్టు దగ్గర రెండు గంటలు కూర్చునే ఓపిక జనానికి పోతోంది. తాతగారి బీపీ మాత్ర, కోడలి థైరాయిడ్, పిల్లాడి టీకా ఒకే చోట గుర్తుపెట్టుకునే డాక్టర్ కోసం జనం వెతుక్కుంటూ వస్తారు. మంగళగిరి ఎయిమ్స్‌లో ఒక విభాగం పేరులోనే ఫ్యామిలీ మెడిసిన్ ఉంది. నీట్ పీజీకి వయసు పరిమితి లేదు. రెండేళ్లు ప్రాక్టీసు చేసి, ఇష్టం కలిగితే డీఎన్‌బీకి వెళ్లొచ్చు. ఇప్పుడు బలవంతంగా లాంగ్ టర్మ్‌లో కూర్చోబెడితే పోయే ఏడాది మాత్రం తిరిగి రాదు.

వరుస ఇది: హౌస్ సర్జెన్సీ పూర్తి, పర్మనెంట్ రిజిస్ట్రేషన్, తర్వాత కొన్నాళ్లు ఒక సీనియర్ ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పని, ఆ వేళకే ఐఎంఏ ఫారం. సొంత క్లినిక్ తెరిచేముందు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో నమోదు, వాడిన సూదులు, దూది తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. పడకలు లేని క్లినిక్‌కైతే ఆ అనుమతి ఒక్కసారే. వీటిలో ఎక్కడ చిక్కుపడినా బ్రాంచిలో అడిగితే నిన్నమొన్న చేయించుకున్నవాళ్లు ఎవరో ఒకరు చెబుతారు.

కౌన్సిల్‌కీ బ్రాంచికీ తననే వెళ్లనివ్వండి. ప్రతిపాదించేవాళ్లనూ బలపరిచేవాళ్లనూ తనే అడగాలి, హౌస్ సర్జెన్సీలో తన పని చూసిన ఇద్దరు సీనియర్లు సంతోషంగా సంతకం పెడతారు. ఆ ఫారంలో తండ్రి సంతకానికి గడి లేదు.